లార్డ్ విలియం బెరెస్‌ఫర్డ్: జీను మీది జీవితం

(స్మారకోపన్యాస పాఠం)

1. ప్రతిపాదన

అశ్వికుల జీవితచరిత్రలు చాలావరకు గెలుపుల పట్టికలుగా ముగుస్తాయి. ఏ ఏట ఏ పందెం, ఏ గుర్రం, ఎంత తేడా అన్న లెక్క తేలిన తరువాత ఆ మనిషిని గురించి చెప్పవలసింది మరేమీ లేదన్న భావన పాఠకులలో కలుగుతుంది. లార్డ్ విలియం లెస్లీ డి లా పోర్ బెరెస్‌ఫర్డ్ (1847–1900) జీవితం అటువంటి పట్టికకు లొంగదు. ఐర్లండులో కంచెలు దూకించే పందేలలో పోటీపడిన రౌతుగా, దక్షిణాఫ్రికా యుద్ధభూమిలో విక్టోరియా క్రాస్ పొందిన సైనికుడిగా, భారతదేశంలో వైస్రాయిల కొలువును నడిపిన సైనిక కార్యదర్శిగా, చివరి సంవత్సరాలలో ఇంగ్లండు పందెపు మైదానాలలో అమెరికన్ స్వారీ పద్ధతికి అండగా నిలిచిన అశ్వయజమానిగా ఆయన కనిపిస్తారు. ఈ నాలుగు దశలనూ కలిపే దారం గుర్రమే.

జీను మీద కూర్చున్నవాడు నేల మీద నిలబడినవాడికంటె ఎత్తులో ఉంటాడు. ఆ ఎత్తులో గుర్రానికి, దానిని పెంచి మేపినవారికి, పక్కన స్వారీ చేసే తోటి రౌతుకు వాటా ఉంటుంది. ఈ సంగతిని గుర్తించి, గుర్తించినట్టు నడుచుకున్న మేరకే రౌతు స్మరణకు అర్హుడవుతాడన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం. లార్డ్ విలియం జీవితంలో ఆ గుర్తింపు ఎక్కడ వెలుగులోకి వచ్చిందో, ఎక్కడ చీకట్లో ఉండిపోయిందో రెండింటినీ పరిశీలించడం అవసరం.

2. ఆంగ్లో-ఐరిష్ కులీనవర్గమూ గుర్రమూ

ఆంగ్లో-ఐరిష్ అన్న మాట పదహారు, పదిహేడు శతాబ్దాల ఆంగ్లేయ విజయాల వెంట ఐర్లండులో స్థిరపడి, ప్రొటెస్టెంటు మతాన్ని అవలంబించి, దేశంలోని భూమిలో అధికభాగానికి యజమానులైన కుటుంబాలకు వర్తిస్తుంది. వీరు ఇంగ్లండులో ఐరిష్‌వారుగానూ, ఐర్లండులో ఆంగ్లేయులుగానూ పరిగణన పొందిన వర్గం. బెరెస్‌ఫర్డ్ కుటుంబం పదిహేడో శతాబ్దారంభంలో ఉత్తర ఐర్లండులోని అల్‌స్టర్‌లో జరిగిన వలస స్థాపనతో ఆ దేశానికి వచ్చింది. 1717లో పవర్ వంశపు వారసురాలైన లేడీ క్యాథరిన్‌తో జరిగిన వివాహం ద్వారా వాటర్‌ఫర్డ్ కౌంటీలోని కరామోర్ ఎస్టేటు ఆ కుటుంబానికి సంక్రమించింది, 1789లో వాటర్‌ఫర్డ్ మార్క్విస్ అన్న బిరుదు లభించింది. డ్యూక్ తరువాతి మెట్టున నిలిచే ప్రభువును మార్క్విస్ అంటారు. కరామోర్ భవనం ముంగిట విశాలమైన ప్రాంగణానికి ఇరువైపులా గుర్రపుశాలలే బారులు తీరి ఉంటాయి, భవనపు నెత్తిన వేటగాళ్ల ఆరాధ్యుడైన సెయింట్ హ్యూబర్ట్ గాథలోని దుప్పి, కొమ్ముల మధ్య శిలువతో నిలిచి ఉంటుంది. ఆ ఇంట దేనికి పెద్దపీట వేశారో వాస్తువే చెబుతుంది.

ఐర్లండులో గుర్రం వాహనమూ వినోదమూ మాత్రమే అయి ఉంటే ఈ చర్చ అవసరం ఉండేది కాదు. 1695లో చేసిన ఒక చట్టం ప్రకారం క్యాథలిక్ మతస్థులు 5 పౌండ్లకు మించిన విలువగల గుర్రాన్ని కలిగి ఉండరాదు. జనాభాలో అత్యధికులు క్యాథలిక్కులైన దేశంలో మేలుజాతి గుర్రం ఆ విధంగా శాసనరీత్యా పాలకవర్గపు గుర్తు అయింది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో ఆ నిషేధం తొలగిపోయినా గుర్రంమీది మనిషికీ నేలమీది మనిషికీ మధ్య ఏర్పడిన దూరం అంత త్వరగా తొలగలేదు.

అదే కాలంలో, అదే నేల మీద, ప్రపంచమంతటా వ్యాపించిన ఒక క్రీడ పుట్టింది. 1752లో కార్క్ కౌంటీలో ఎడ్మండ్ బ్లేక్, కోర్నీలియస్ ఓకల్లహన్ అనే ఇద్దరు బట్టివంట్ చర్చి గోపురం నుంచి డోనరైల్ చర్చి గోపురం వరకు, సుమారు నాలుగున్నర మైళ్ల దూరం, దారిలో ఎదురైన గోడలనూ కాలువలనూ కంచెలనూ దాటుకుంటూ పందెం వేసుకున్నారు. ఆంగ్లంలో చర్చి గోపురాన్ని స్టీపుల్ అంటారు గనుక ఈ పద్ధతికి స్టీపుల్‌చేజ్ అన్న పేరు స్థిరపడింది. నక్కలవేట దీనికి పాఠశాల. వేటకుక్కల వెంట పొలాలకు అడ్డంపడి గంటలకొద్దీ సాగే ఆ వేటలో రౌతు ముందుగా చూడని అడ్డంకిని దౌడు తగ్గించకుండా అంచనా వేయాలి, గుర్రానికి ఊపిరి మిగిల్చాలి, పడితే లేవాలి. ఐర్లండు గుర్రాలు అక్కడి మట్టిగట్లను ఒక్క గెంతులో దాటకుండా గట్టు నెత్తిన కాళ్లు మార్చుకుని అవతలికి దిగడం నేర్చుకుంటాయి, వాటి వీపున పెరిగిన బాలుడు పగ్గం వదిలి గుర్రాన్ని నమ్మడం నేర్చుకుంటాడు.

3. కుటుంబం, బాల్యం

లార్డ్ విలియం 1847 జూలై 20న ఆర్మా కౌంటీలోని ముల్లాబ్రాక్‌లో జన్మించారు. తండ్రి జాన్ బెరెస్‌ఫర్డ్ అక్కడి చర్చిలో మతాధికారి, తల్లి క్రిస్టియానా మోనగన్ కౌంటీకి చెందిన లెస్లీ కుటుంబపు ఆడపడుచు. వంశంలో వారసుడు కాని చిన్న కొడుకు ఇంట మూడో కుమారుడిగా పుట్టిన ఆ బాలుడికి కరామోర్ వైభవం దక్కే అవకాశం మొదట కనిపించలేదు. దానిని తెచ్చిపెట్టింది ఒక అశ్వప్రమాదం. పెదతండ్రి హెన్రీ, మూడో మార్క్విస్, తెగించి స్వారీ చేయడంలో దేశమంతటా పేరుమోసినవారు. 1859 మార్చిలో వేటలో గుర్రం మీదినుంచి పడి ఆయన మరణించారు. ఆయనకు సంతానం లేకపోవడంతో తమ్ముడైన జాన్ నాలుగో మార్క్విస్ అయ్యారు, పన్నెండేళ్లు నిండని విలియం కరామోర్ గుర్రపుశాలల నీడకు చేరారు.

గుర్రం ఈ కుటుంబానికి ఇచ్చినంతా ఇచ్చి తీసుకున్నంతా తీసుకుంది. అన్నలలో పెద్దవారైన ఐదో మార్క్విస్ వేటలో వెన్నెముకకు దెబ్బతగిలి ఏళ్ల తరబడి బాధను భరించి, 1895లో తన ప్రాణాన్ని తానే తీసుకున్నారు. రెండో అన్న చార్లెస్ నౌకాదళంలో అడ్మిరల్ స్థాయికి ఎదిగి పార్లమెంటులోనూ ప్రసిద్ధులయ్యారు. తమ్ముడు మార్కస్ వేల్స్ యువరాజు పందెపు గుర్రాల నిర్వాహకుడై, ఆ యువరాజు ఏడో ఎడ్వర్డ్‌గా రాజైన తరువాత కూడా ఆ బాధ్యతలో కొనసాగారు. ఈటన్ పాఠశాలలో చదువు ముగించిన విలియం 1867లో 9వ లాన్సర్లు అనే అశ్వదళంలో అధికారిగా చేరారు. లాన్సరు అంటే ఈటె పట్టిన గుర్రపు సైనికుడు. ఆ దళంలో ఉండగానే ఆయన ఇంగ్లండులో పోలో ఆట తొలి అడుగులు వేయడంలో పాలుపంచుకున్నారు. మణిపూర్, సిల్చర్ ప్రాంతాలలో బ్రిటిష్‌వారు నేర్చుకున్న ఆ ఆటను 1871లో 9వ లాన్సర్లు, 10వ హుస్సార్లు ఇంగ్లండులో జట్టుకు ఎనిమిదిమంది చొప్పున పోటీగా ఆడినప్పుడు లాన్సర్ల జట్టులో లార్డ్ విలియం ఒకరు.

4. 1874: అన్నదమ్ముల పందెం

పోటీరౌతుగా ఆయన జీవితంలో ఐర్లండు ఎన్నటికీ మరువని ఘట్టం 1874 ఏప్రిల్ 30న వాటర్‌ఫర్డ్ కౌంటీలోని విలియమ్స్‌టౌన్ మైదానంలో జరిగింది. చార్లెస్, విలియం, మార్కస్ ముగ్గురూ తలా 100 పౌండ్లు పందెం ఒడ్డి, ఎవరి గుర్రాన్ని వారే స్వారీ చేస్తూ 3 మైళ్ల దూరం స్టీపుల్‌చేజ్‌లో పోటీపడ్డారు. ప్రతి గుర్రమూ 12 స్టోన్‌ల బరువు మోయాలన్నది నియమం. స్టోను అంటే 14 పౌండ్ల తూకం గనుక ఈ మొత్తం మన కొలతలో సుమారు 76 కిలోలు. రౌతు, జీను కలిసి అంతకంటె తక్కువ తూగితే సీసపు బిళ్లలు చేర్చి సమానం చేస్తారు. బరువు సమానం, దూరం సమానం, నేర్చిన పాఠశాల కూడా ఒకటే. ముగ్గురూ వంశపు నీలిరంగునే చిన్న తేడాలతో ధరించారు.

ఆనాటి స్వారీ పద్ధతి తెలిస్తేనే ఈ పందెంలోని కష్టం తెలుస్తుంది. రికాబులను పొడుగ్గా దించి, కాళ్లు దాదాపు నిటారుగా చాచి, జీనులో పూర్తిగా కూర్చుని, గుర్రం కంచె దాటి దిగే క్షణంలో రౌతు వెనక్కి వాలడం అప్పటి ఆచారం. గుర్రం తలదించి తూలితే ముందుకు విసిరివేయబడకుండా ఉండడానికి ఆ వాలు ఉపకరిస్తుందని నమ్మేవారు. అయితే అదే క్షణంలో రౌతు బరువంతా గుర్రపు నడుముమీద పడుతుంది, చేతులు పగ్గాలను వదలడంలో రవంత ఆలస్యం జరిగినా నోటి కళ్లెం గుర్రాన్ని బాధిస్తుంది. ఇటలీకి చెందిన ఫెడెరీకో కప్రిల్లి ముందుకు వంగి దూకే పద్ధతిని బోధించడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది. అందువల్ల ఆ కాలపు ఉత్తమ రౌతు నైపుణ్యం పద్ధతిలోని లోపాన్ని తన చేతుల మెత్తదనంతో పూడ్చుకోవడంలో ఉండేది.

విలియం ఎక్కిన గుర్రం పేరు వుడ్‌లార్క్, మార్కస్ గుర్రం ది వీజెల్, చార్లెస్ గుర్రం నైట్‌వాకర్. చివరి పరుగులో విలియం, మార్కస్ ఇద్దరూ పక్కపక్కనే పోరాడగా స్వల్పమైన తేడాతో వుడ్‌లార్క్ గెలిచింది, చార్లెస్ మూడోవారుగా నిలిచారు. 1914లో ప్రచురించిన తన స్మృతిగ్రంథంలో అడ్మిరల్ చార్లెస్ ఈ పందేన్ని నౌకాయుద్ధాలకు ఇచ్చినంత శ్రద్ధతో వర్ణించడం గమనార్హం. ఒకరి బలహీనతలు మరొకరికి పూర్తిగా తెలిసిన ముగ్గురి మధ్య పోటీలో మోసానికీ బుకాయింపుకూ చోటు లేదు. గెలిచినవాడు ఎలా గెలిచాడో ఓడినవారికి తెలుసు. సమానుల నడుమ సమాన భారంతో నెగ్గడమే లార్డ్ విలియం జీవితంలోని మొదటి పెద్ద పరీక్ష.

5. 1879: జులూ నేల మీద వెనుతిరిగిన గుర్రం

రెండో పరీక్షలో భారం సమానం కాలేదు. 1875లో తన దళంతో భారతదేశానికి వచ్చిన ఆయన వైస్రాయి నార్త్‌బ్రూక్ వద్దా, తరువాత లిట్టన్ వద్దా ఏడీసీగా, అంటే ఉన్నతాధికారి వెంటనుండి ఆజ్ఞలు చేరవేసే సైనికాధికారిగా పనిచేశారు. వాయవ్య సరిహద్దులోని జోవాకీ దండయాత్రలోనూ, 1878లో మొదలైన ఆఫ్ఘన్ యుద్ధపు తొలి ఘట్టమైన అలీ మస్జిద్ ముట్టడిలోనూ పాల్గొని, 1879లో సెలవు తీసుకుని దక్షిణాఫ్రికాకు చేరి, కర్నల్ రెడ్వర్స్ బుల్లర్ నడిపే గుర్రపు దళాల్లో చేరారు.

ఆ యుద్ధపు స్వభావాన్ని దాచి ఈ ఘట్టాన్ని చెప్పడం సత్యానికి తగదు. 1878 డిసెంబరులో బ్రిటిష్ హైకమిషనర్ బార్టిల్ ఫ్రెయర్ జులూ రాజు సెట్షవాయో అంగీకరించలేని షరతులతో తుది హెచ్చరిక పంపి, ఆ సాకుతో స్వతంత్ర రాజ్యంపై దండెత్తించారు. 1879 జనవరి 22న ఇసాండ్ల్‌వానా వద్ద జులూ సేన బ్రిటిష్ పటాలాన్ని తుడిచిపెట్టింది. లార్డ్ విలియం ఎదుర్కొన్న యోధులు తమ నేలను తాము కాపాడుకుంటున్నవారు. వారి ధైర్యానికి తక్కువ వెలకట్టి ఆయన ధైర్యాన్ని పొగడడం అన్యాయం.

జూలై 3న బుల్లర్ దళం రాజధాని ఉలుండీ పరిసరాలను పరిశీలించడానికి వైట్ ఉమ్‌ఫలోజి నదిని దాటింది. జులూ సేనానులు పన్నిన వల ఎంతో నేర్పుగలది. కొద్దిమంది కనిపించి పారిపోతూ గుర్రపు దళాన్ని లోపలికి రప్పించారు, ఎత్తయిన గడ్డిలో దాగిన వేలమంది ఒక్కసారిగా లేచి చుట్టుముట్టబోయారు. బుల్లర్ సకాలంలో గ్రహించి వెనక్కి మళ్లమని ఆజ్ఞాపించారు. ఆ తిరోగమనంలో 24వ పదాతిదళానికి చెందిన సార్జెంట్ ఫిట్జ్‌మారిస్ గుర్రం కూలి అతడు గాయపడి నేలపై చిక్కుకున్నాడు. లార్డ్ విలియం దౌడు ఆపి, గుర్రాన్ని వెనక్కి మళ్లించి, శత్రువు చేరువవుతుండగా దిగి అతడిని తన గుర్రంపైకి ఎక్కించే ప్రయత్నం చేశారు. ఇద్దరి బరువుతో గుర్రం తప్పించుకోలేదన్న భయంతో గాయపడిన సార్జెంటు తనను వదిలి వెళ్లమని మొండికేశాడనీ, లార్డ్ విలియం బెదిరించి మరీ ఎక్కించుకున్నారనీ ఆనాటి కథనాలు చెబుతాయి. సరిగ్గా ఆ సమయంలో ఫ్రాంటియర్ లైట్ హార్స్ దళానికి చెందిన సార్జెంట్ ఎడ్మండ్ ఓటూల్ వెనక్కి వచ్చి, దగ్గరపడుతున్నవారిని తన తుపాకితో నిలువరించి, రక్తం ఓడుతున్న ఫిట్జ్‌మారిస్‌ను జీను మీదినుంచి జారిపోకుండా పట్టుకుని సాయపడ్డాడు. మరునాడు జూలై 4న ఉలుండీ యుద్ధం జరిగి జులూ రాజ్య స్వాతంత్ర్యం ముగిసింది.

ఈ సాహసానికి లార్డ్ విలియంకు బ్రిటిష్ సైన్యంలో పరాక్రమానికి ఇచ్చే అత్యున్నత పతకమైన విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఓటూల్‌కు లేని గౌరవం తనకు అక్కర్లేదని ఆయన విక్టోరియా రాణి సమక్షంలోనే విన్నవించారన్న కథ ఆ రోజుల నుంచీ ప్రచారంలో ఉంది. ఆ సన్నివేశపు వివరాలు ఎలా ఉన్నా ఓటూల్‌కు కూడా అదే ఏడు విక్టోరియా క్రాస్ లభించడం అధికారిక సత్యం. స్వారీ దృష్టితో చూస్తే ఈ ఘట్టంలోని విశేషం స్పష్టమవుతుంది. పందెపు గుర్రానికైనా యుద్ధపు గుర్రానికైనా గుంపుతోపాటు ముందుకు పరిగెత్తడం సహజగుణం, తక్కిన గుర్రాలన్నీ ఒకవైపు దౌడు తీస్తుండగా ఒక్కదానిని ఎదురుదిశకు తిప్పి, తుపాకి చప్పుళ్ల మధ్య కదలకుండా నిలబెట్టి, గాయపడిన మనిషిని ఎక్కించడం రౌతుకూ గుర్రానికీ మధ్య అపారమైన నమ్మకం ఉంటే తప్ప సాధ్యపడదు. కరామోర్ పొలాలలో వినోదానికై నేర్చిన విద్య ఇక్కడ ఒక ప్రాణాన్ని నిలిపింది.

పాత గేలిక్ వంశనామం గల సార్జెంటూ, ప్రొటెస్టెంటు ప్రభువుల బిడ్డా ఒకే పతకాన్ని సమానంగా పంచుకోవడం ఐర్లండు చరిత్ర నేపథ్యంలో చిన్న విషయం కాదు. 1695 చట్టం గుర్రం ద్వారా గీసిన గీతను ఇద్దరు రౌతులు ఆ నది ఒడ్డున దాటారు.

6. అదే ఏడు, సొంతగడ్డ మీద

అయితే ఆ గీత ఐర్లండులో చెరిగిపోలేదు. అదే 1879 అక్టోబరులో కౌలురైతుల హక్కుల కోసం ఐరిష్ నేషనల్ లాండ్ లీగ్ ఏర్పడింది, మైకేల్ డేవిట్, చార్లెస్ స్టువర్ట్ పార్నెల్ దానిని నడిపారు. అధిక కౌలు, నిర్దాక్షిణ్యమైన తొలగింపులు భరించలేని రైతులు తమ పొలాలమీదుగా సాగే నక్కలవేటను ప్రతిఘటనకు గురిగా ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రభువుల గుర్రాలు తొక్కి వెళ్లే పంట కౌలుదారుదే గనుక ఆ వేట వారి కళ్లెదుట నిత్యం కనిపించే అధికారం. 1881 ప్రాంతంలో ఆ ప్రతిఘటన మూలంగానే వాటర్‌ఫర్డ్ మార్క్విస్ తన వేటకుక్కల దళాన్ని విరమించుకోవలసివచ్చింది. అన్నదమ్ముల పందేనికి వేదికైన నేలమీద స్వారీ అన్నది నేలను దున్నేవారి సమ్మతిపై ఆధారపడినదని అప్పుడు తేలిపోయింది. ఈ విషయంలో లార్డ్ విలియం తన వర్గపు హద్దులను దాటినట్టు ఆయన జీవితం చూపదు. ఓటూల్‌ను సమానుడిగా చూసిన కన్ను కౌలురైతు వరకు చేరలేదు.

7. వైస్రాయిల కొలువు, కలకత్తా మైదానం

ఆయన జీవితంలో దీర్ఘకాలం భారతదేశంలో గడిచింది. రిప్పన్, డఫరిన్, లాన్స్‌డౌన్ ముగ్గురు వైస్రాయిల వద్ద 1894 వరకు సైనిక కార్యదర్శిగా పనిచేశారు. ఈ పదవి పేరులో సైన్యం ఉన్నా పనిలో యుద్ధం లేదు. వైస్రాయి నివాసాల నిర్వహణ, దర్బారులు, విందులు, అంగరక్షకులు, గుర్రాలు, బళ్లు, దేశాటనల ఏర్పాట్లు అన్నీ ఆ కార్యాలయం బాధ్యతలు. తెలుగునాట చరిత్రకు సంబంధించిన ఒక పర్యటన ఈ కాలంలోనిదే. 1884 ఫిబ్రవరిలో రిప్పన్ హైదరాబాదు వచ్చి, యుక్తవయసుకు చేరిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు పరిపాలనాధికారాలు లాంఛనంగా అప్పగించారు. వైస్రాయి సంస్థానాలకు కదిలిన ప్రతిసారీ కదిలే ఆ పెద్ద యంత్రాంగాన్ని నడిపించే పని సైనిక కార్యదర్శిది. గుర్రపు పందేలను ఆదరించిన మహబూబ్ అలీఖాన్ కాలంలోనే, 1886లో, హైదరాబాదు పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. కలకత్తా నుంచి దక్కను వరకు ఒకే తరహా అశ్వక్రీడ విస్తరిస్తున్న దశ అది.

ఆ క్రీడకు కేంద్రం కలకత్తా, శిఖరం వైస్రాయి కప్పు. అప్పట్లో క్రిస్మస్ రోజుల్లో జరిగిన ఈ పందేనికి ఆస్ట్రేలియా గుర్రాలే ప్రధాన పోటీదారులుగా ఉండేవి. న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడలలో మద్రాసు, కలకత్తా రేవులకు వచ్చే ఈ గుర్రాలను వేలర్లు అనేవారు. మన వేడినీ, దూరప్రయాణాలనూ తట్టుకునే ఈ జాతి భారత సైన్యపు అశ్వదళాలకు వెన్నెముక అయింది. లార్డ్ విలియంకు కలకత్తాలో కీర్తి తెచ్చిన మైయల్ కింగ్ ఆస్ట్రేలియా గుర్రమే, అది వైస్రాయి కప్పును ఒకటికి మించిన మార్లు గెలిచింది. పటియాలా మహారాజు రాజేందర్ సింగ్‌తో కలిసి ఆయన పందెపు గుర్రాలను పోషించారు. పందేలలో నిజాయితీ, నియమపాలన కోసం ఆయన చూపిన పట్టుదల ఆనాటి భారత అశ్వక్రీడారంగంలో ఆయన మాటకు బరువు తెచ్చింది.

ఈ ఘనతలో చోటు దక్కనివారిని ఇక్కడ స్మరించవలసి ఉంది. తెల్లవారకముందే లేచి దాణా నానబెట్టి, మాలిష్ చేసి, గిట్టలు శుభ్రపరిచి, ఎండలో గుర్రం వెంట కాలినడకన మైళ్లకొద్దీ పరిగెత్తిన సాయిసులు లేకపోతే కలకత్తాలోగాని సిమ్లాలోగాని ఒక్క పందెమైనా జరిగేది కాదు. గుర్రాల పేర్లు గ్రంథాలకెక్కాయి, యజమానుల పేర్లు కప్పులమీద చెక్కారు. సాయిసుల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. అశ్వచరిత్ర రాసే భారతీయ పరిశోధకులు తీర్చవలసిన బాకీ ఇది.

8. ఇంగ్లండు: స్వారీలో విప్లవం

1894లో నైట్ హోదాతో ఉద్యోగ విరమణ చేసిన లార్డ్ విలియం మరుసటి ఏడు మార్ల్‌బరో డ్యూకు వితంతువు, అమెరికాలో పుట్టిన లిలియన్‌ను వివాహమాడి సర్రే కౌంటీలోని డీప్‌డీన్ భవనంలో స్థిరపడ్డారు. 1897లో వారికి కుమారుడు కలిగాడు. స్వయంగా పోటీల్లో స్వారీ చేసే వయసు దాటినా పందెపు రంగంలో ఆయన చేసిన అత్యంత ఆధునికమైన పని ఈ చివరి ఐదేళ్లలోనిదే.

అమెరికన్ పొగాకు వ్యాపార కుటుంబానికి చెందిన పియర్ లారిలార్డ్‌తో భాగస్వామ్యం కుదుర్చుకుని, అమెరికన్ శిక్షకుడు జాన్ హగిన్స్ చేతిలో గుర్రాలను పెట్టి, టాడ్ స్లోన్ అనే అమెరికన్ జాకీకి వాటిని అప్పగించారు. జాకీ అంటే జీతానికి పందేలలో స్వారీ చేసే వృత్తి రౌతు. స్లోన్ రికాబులను బాగా పైకి ముడిచి, మోకాళ్లు మడిచి, గుర్రపు మెడమీదికి ఒంగి, జీనును తాకీ తాకకుండా నిలిచేవాడు. నిటారుగా కూర్చోవడమే మర్యాద అనుకున్న ఆంగ్ల ప్రేక్షకులు మొదట అతడిని కోతితో పోల్చి పరిహసించారు. ఫలితాలు ఆ నవ్వును ఆపేశాయి. 1899లో సిబోలా అనే ఆడగుర్రం ఆంగ్ల క్లాసిక్ పందేలలో ఒకటైన వెయ్యి గినీల పందేన్ని స్లోన్ స్వారీలో లార్డ్ విలియంకు గెలిచిపెట్టింది.

ఈ పద్ధతి వెనుకనున్న శాస్త్రం వంద సంవత్సరాల తరువాత స్పష్టపడింది. 2009లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, రికాబులపై ముడుచుకుని నిలిచిన రౌతు తన కాళ్లను స్ప్రింగుల్లా వాడి గుర్రపు ప్రతి అంగలోని ఎగుడుదిగుడు కుదుపుల నుంచి తన శరీరాన్ని వేరు చేసుకుంటాడు. గుర్రం అతడి బరువును మోస్తుందిగాని, ప్రతి అంగకూ ఆ బరువును వేగవంతం చేసి మళ్లీ నెమ్మదింపజేసే శ్రమనుంచి తప్పించుకుంటుంది. ఆ శ్రమను రౌతు తన కండరాలపై వేసుకుంటాడు. ఈ పద్ధతి వ్యాపించిన 1900 ప్రాంతంలో ప్రధాన పందేల కాలం 5 నుంచి 7 శాతం మెరుగుపడిందని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. గుర్రం సుఖం కోసం రౌతు కష్టపడవలసిన పద్ధతి వేగంలో నెగ్గడం స్వారీ చరిత్రలో గొప్ప పాఠం. పాత పద్ధతిలో పెరిగి, అందులో గెలిచి, యాభయ్యో ఏట దాని ప్రత్యర్థిని తన గుర్రాలపై కూర్చోబెట్టిన లార్డ్ విలియం నేర్చుకునే వినయాన్ని కోల్పోలేదని ఇది రుజువు చేస్తుంది.

సిబోలా గెలిచిన 1899లోనే ఆయన గుర్రం డెమొక్రాట్ రెండేళ్ల వయసు గుర్రాల పందేలలో మేటిగా నిలిచి వేల్స్ యువరాజు గుర్రమైన డైమండ్ జూబిలీని కూడా ఓడించింది. డైమండ్ జూబిలీ బాగోగులు చూస్తున్నవారు తమ్ముడు మార్కస్ కావడంతో విలియమ్స్‌టౌన్ పోటీ పాతికేళ్ల తరువాత న్యూమార్కెట్‌లో కొనసాగినట్టయింది. మరుసటి ఏడు డైమండ్ జూబిలీ మూడు ప్రధాన పందేలూ గెలుచుకుంది, డెమొక్రాట్ కాలక్రమంలో భారతదేశానికి వచ్చి సర్వసేనాని కిచ్‌నర్ స్వారీగుర్రం అయింది.

9. ముగింపు

1900 డిసెంబరు చివర, 53 ఏళ్ల వయసులో, లార్డ్ విలియం డీప్‌డీన్‌లో కన్నుమూశారు. కరామోర్ ఎస్టేటులోని క్లోనెగామ్ చర్చి ఆవరణలో ఆయనను ఖననం చేశారు. అప్పటికి లేడీ మ్యూ వద్దనుంచి ఆయన కౌలుకు తీసుకున్న వొలొడియోవ్‌స్కీ అనే గుర్రం వచ్చే ఏటి డెర్బీకి సిద్ధమవుతోంది. కౌలుదారు మరణంతో ఆ ఒప్పందం రద్దయి, అమెరికాకు చెందిన విలియం విట్నీ దానిని తిరిగి కౌలుకు తీసుకున్నారు. హగిన్స్ శిక్షణలోనే ఆ గుర్రం 1901లో డెర్బీ గెలిచింది. పందెపు రంగంలో అత్యున్నతమైన ఆ గెలుపు ఆయన చేతి అంచువరకు వచ్చి మరొకరి ఖాతాలో చేరింది.

గెలుపుల పట్టికే కొలమానమైతే ఈ జీవితం ఒక మెట్టు తక్కువలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఈ ఉపన్యాసం ప్రతిపాదించిన కొలమానం వేరు. భూస్వామ్యం, సామ్రాజ్యం రెండూ ఇచ్చిన ఎత్తునుంచి ఆయన స్వారీ చేశారు, ఆ ఎత్తుకు మూల్యం చెల్లించిన కౌలురైతులనూ, జులూలనూ, సాయిసులనూ ఆయన కాలం లెక్కలోకి తీసుకోలేదు, ఆయనా ఆ కాలపు మనిషే. అయినా తన నైపుణ్యానికి నిజమైన పరీక్ష ఎదురైన రోజున గుర్రాన్ని వెనక్కి తిప్పారు, దక్కిన గౌరవంలో తోటి రౌతుకు సమాన వాటా దక్కాలని కోరారు, కొత్త విద్య వచ్చినప్పుడు తన పాత విద్యను పక్కకు పెట్టారు. ఈ మూడు పనులే ఆయనను స్మరణకు అర్హులను చేస్తాయి. ఆ స్మరణ నిండుగా ఉండాలంటే లార్డ్ విలియం పేరు పలికిన ప్రతి చోటా ఎడ్మండ్ ఓటూల్ పేరు కూడా పలకాలి, గుర్రాల చరిత్ర రాసిన ప్రతి పుటలోనూ వాటిని సాకిన చేతులకు చోటివ్వాలి. ఆయన స్వయంగా వేసిన ఒరవడి అదే, దానిని ఆయనకంటె దూరం కొనసాగించడం తరువాతి తరాల బాధ్యత.